రేటు తగ్గేదాకా

ఆ భవనంలో అందరూ ఆమెను తరుగక్క అనే పిలిచేవారు. అసలు పేరు కింద ఉత్తరాల పెట్టె మీద రాసి ఉండేది కానీ, ఉత్తరాలు వేసే మనిషి తప్ప దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. ఏ వస్తువు గురించి మాట వచ్చినా "ఇందులో మనకి తరుగెంత పోతోంది?" అని అడగడం ఆమెకు అలవాటు. బంగారం కొట్లో అడగాల్సిన మాటను నీళ్ళ ట్యాంకు దగ్గరా, సున్నం డబ్బాల దగ్గరా అడిగేది. మొదట్లో జనం చాటుగా నవ్వుకున్నారు. తర్వాత ఆ మాట వల్లే ఆమెను భవనం సంఘానికి కార్యదర్శిని చేశారు.

ఆమె కళ్ళద్దాలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో కొనుగోళ్ళు చూసేది. అద్దం బిళ్ళలు, వాటిని సానబట్టే మెత్తలు, పైన వేసే పూతలు అన్నీ బయటి దేశాల నుంచి తెప్పించాలి. పన్నెండేళ్ళుగా ఒకే బల్ల ముందు కూర్చుని, ఏ దేశం కొట్టువాడు ఏ మూలన చెయ్యి పెడతాడో ఆమె క్షుణ్ణంగా నేర్చుకుంది. ఆ విద్య భవనంలో బయటపడింది రెండేళ్ళ కిందట, లిఫ్టు మోటారుకి ఏదో భాగం తెప్పించినప్పుడు. అప్పటికి వ్యవహారాలన్నీ ప్రెసిడెంటు గారే చూసేవారు. రిటైరైన పెద్దమనిషి, పద్ధతి మనిషి. సమావేశంలో ఆయన రసీదు అందరికీ చూపిస్తుంటే తరుగక్క చెయ్యి చాపి తీసుకుంది.

"ప్రెసిడెంటు గారూ, డబ్బు కట్టే చోట రెండు బొత్తాలు వచ్చుంటాయి. మన డబ్బులో కడతారా, వాళ్ళ డబ్బులో కడతారా అని. మీరు మన డబ్బు నొక్కారు కదూ?"

"అవునమ్మా. ఎంతవుతుందో ముందే తెలుస్తుంది కదా అని."

"ఎంతవుతుందో తెలుస్తుందండీ. ఎంత పోయిందో తెలీదు. ఆ రేటు కొట్టువాడు తనకి తోచినట్టు పెట్టుకున్నది. వాళ్ళ డబ్బులోనే కట్టేస్తే, మార్చేది మన బ్యాంకు. దాని రేటు బజారు రేటుకి దగ్గరగా ఉంటుంది. పైగా మీ కార్డు విదేశీ రుసుమని ఇంకాస్త లాగింది. లాగని కార్డులు కూడా ఉన్నాయి. మొత్తం మీద వందకి ఏడు చేతులారా వదిలేశారు."

ప్రెసిడెంటు గారు చిన్నబుచ్చుకోలేదు. పైగా ఆ నెలాఖరుకల్లా సంఘం పుస్తకాలూ, సీలూ, అలమారా తాళాలూ ఆమె చేతిలో పెట్టి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అక్కడి నుంచి పై అంతస్తుల వాళ్ళు బయటి దేశం నుంచి చెప్పులు కొనాలన్నా, పుస్తకం కొనాలన్నా ముందు రెండో అంతస్తుకి దిగివచ్చి ఆమె తలుపు తట్టేవారు. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని, వాళ్ళ ఫోను తీసుకుని, "ఇదిగో, ఇక్కడ నొక్కకూడదు" అని చూపించేది. ఆ క్షణంలో ఆమె మొహం వెలిగిపోయేదని ఆమె భర్త అనేవాడు. ఆయన ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవాడు. గోళ్ళలో సిరా, నోట్లో వెటకారం ఎప్పుడూ పోయేవి కావు.

ఇక ఆ లిఫ్టు సంగతి. అది భవనమంత పాతది. లోపల చెక్క పలకలు, ఒక అద్దం, చిన్న దీపం. ప్రతి అంతస్తులోనూ బయటికి లాగే ఇనుప తలుపు, దానికి అరచెయ్యి వెడల్పున నిలువుగా ఒక గాజు పలక. లిఫ్టు వచ్చి ఆగితేనే ఆ తలుపు తెరుచుకోవాలి. రాకపోతే ఎంత లాగినా రాకూడదు. దాన్ని పట్టి ఉంచేది తలుపు పక్కన పెట్టెలో ఉండే ఒక ఇనుప కొక్కెం. తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ దేశంలోనే ఒక చిన్న పనివాడి షెడ్డులో ఆ రకం లాకులు ఇంకా చేతితో చేసి, ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. వాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు.

వేసవి మొదట్లో ఒక ఉదయం లిఫ్టు మేస్త్రీ మూడో అంతస్తు పెట్టె విప్పి, తరుగక్కని పిలిచాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఈ లిఫ్టు చూస్తున్న మనిషి. అవసరానికి మించి మాట్లాడడు.

"ఇది చూడమ్మా."

ఆమె వంగి చూసింది. కొక్కెం అంచు అరిగి, గోరంత పల్చగా అయింది. మేస్త్రీ తలుపు పట్టుకుని కొంచెం ఎత్తి లాగాడు. లిఫ్టు ఎక్కడో పైన ఉంది. అయినా తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి చల్లటి గాలి, గ్రీజు వాసన ఆమె మొహానికి తగిలాయి. కింద చీకట్లో ఏదో మెరిసింది. నీళ్ళో, ఇనుమో తెలియలేదు. ఆమె తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"మిగతా అంతస్తులవి ఇంకో ఏడాది లాగుతాయి. ఇది మాత్రం లాగదు. వెంటనే తెప్పించండి. అందాకా లిఫ్టు ఆపేస్తే మంచిది."

"ఐదో అంతస్తు పెద్దావిడ ఉంది కదా మేస్త్రీ. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి చక్రాల కుర్చీలో వెళ్ళాలి. మెట్ల మీద ఎలా దింపుతారు?"

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. చివరికి మూడో అంతస్తు తలుపు పిడికి గొలుసు చుట్టి, పక్కనున్న మెట్ల కమ్మీకి కలిపి తాళం వేశాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరికీ ఇవ్వద్దు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఆ షెడ్డువాళ్ళ కొట్టు ఫోనులో తెరిచింది. ఎలాగూ తెప్పిస్తున్నాం కదా అని అన్ని అంతస్తులకీ కలిపి లాకులు బుట్టలో వేసింది. డబ్బు కట్టే చోటికి రాగానే రెండు బొత్తాలు కనిపించాయి. వాళ్ళ డబ్బు అన్నది ఎంచుకుంది. అక్కడ చెయ్యి ఆగింది. సంఘం కార్డు విదేశీ రుసుము లాగే రకం. రుసుము లేని కార్డుకి ఆమె అప్పటికే దరఖాస్తు పెట్టింది, పది రోజుల్లో రావాలి. పది రోజులకి కొంప మునగదనుకుంది. గొలుసు ఉంది కదా.

కార్డు పదకొండో రోజున వచ్చింది. ఈలోగా అవతలి దేశం డబ్బు విలువ పెరిగి కూర్చుంది. మొదటి రోజు కట్టి ఉంటే అయ్యేదానికన్నా ఇప్పుడు ఎక్కువవుతుంది. ఆమెకు ఒళ్ళు మండింది. రుసుము తప్పించుకోవడానికి ఆగితే, ఆ మిగిలింది కాస్తా రేటులో పోవాలా? కార్ఖానాలో కూడా అందరూ రేటు దిగుతుందనే అంటున్నారు. ఒక్క వారం చూద్దామనుకుంది. మొదటి రోజు నుంచే ప్రతిరోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఫోనులో రేటు చూసి, ఆ పేజీని బొమ్మగా దాచుకునేది. ఒకరోజు కాస్త దిగింది. దిగిందంటే ఇంకా దిగుతుందని ఆగింది. మర్నాడు ఎక్కింది. ఎక్కినప్పుడు కొంటే నిన్న కొననందుకు తనని తాను క్షమించుకోలేననిపించింది. అందుకని మళ్ళీ ఆగింది.

వాళ్ళ వంటగది గోడకి అవతలే లిఫ్టు దారి. లిఫ్టు వెళ్ళేటప్పుడు గోడ సన్నగా వణికేది, గిన్నెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. ఇన్నేళ్ళుగా పట్టించుకోని ఆ చప్పుడు ఈ మధ్య ఆమె చెవిన పడుతోంది. ఒకరోజు లిఫ్టు కదలకుండానే గిన్నెలు మోగినట్టనిపించి, గరిటె పట్టుకుని గోడకి చెవి ఆనించింది. ఏమీ లేదు. గాలి మాత్రం పైకి లాగుతున్నట్టు సన్నటి ఈల.

మూడు వారాలు దాటాక మేస్త్రీ నూనె వెయ్యడానికి వచ్చాడు.

"లాకులు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?"

"ఇంకా ఆర్డరు పెట్టలేదు మేస్త్రీ. రేటు మరీ ఘోరంగా ఉంది. నాలుగు రోజులు పోతే దిగుతుంది."

మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఆ తలుపుకి రేటు తెలీదమ్మా" అన్నాడు. అంతే అని, పనిముట్ల సంచి భుజానికి వేసుకుని లిఫ్టు అడుగునున్న గుంట శుభ్రం చెయ్యడానికి కిందికి దిగిపోయాడు. పది నిమిషాలకి మళ్ళీ పైకి వచ్చాడు. చేతిలో ఒక చెప్పు ఉంది. మగవాళ్ళ చెప్పు, ఎడమ కాలిది.

"గుంటలో దొరికింది. పైనించి పడ్డదే. కిందటి నెల లేదు."

ఆ చెప్పు పట్టీ తెగితే నల్లదారంతో తనే కుట్టింది. అది తన భర్తది.

ఆయన ప్రెస్సు నుంచి వచ్చేసరికి చెప్పు భోజనాల బల్ల మీద కాగితంలో పెట్టి ఉంది. ఆయన దాన్ని చూసి, కుర్చీ లాక్కుని, మెల్లగా కూర్చున్నాడు.

"మూడో అంతస్తు దర్జీ ఇంట్లో పేకాడి వస్తున్నాను. మేస్త్రీ గొలుసు వెయ్యకముందు, అంతకు రెండు రోజుల ముందు. తలుపు లాగితే వచ్చేసింది. కాలు పెట్టాను. కింద నేల లేదు. పిడి వదల్లేదు కాబట్టి వేలాడి, ఎలాగో వెనక్కి పడ్డాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"తర్వాత గొలుసు పడిందిగా. ఇంక ఎందుకులే అనుకున్నా." సిరా గోళ్ళను చూసుకుంటూ ఆగాడు. "నిజం చెప్పాలంటే ఇంకోటి. చెప్తే నువ్వు ఆ పూటే కొనేసేదానివి. మర్నాడు రేటు తగ్గిందనుకో, మన పెళ్ళినాటి సంగతుల్తో సహా ఏడాది పాటు నన్ను దెప్పేదానివి."

ఆయన నవ్వించడానికే అన్నాడు. ఆమె నవ్వలేదు. లేచి వెళ్ళి ఫోను తెచ్చుకుని, ఆయన ఎదురుగానే ఆ కొట్టు తెరిచింది. రేటు ఎంతుందో చూడకుండా కొత్త కార్డుతో, వాళ్ళ డబ్బులో కట్టేసింది. చిత్రమేమిటంటే ఆ రోజు రేటు నిజంగానే దిగి ఉంది.

గంటకల్లా షెడ్డు నుంచి జవాబు వచ్చింది. డబ్బు ముట్టిందట. ధన్యవాదాలట. తమ షెడ్డు నిన్నటి నుంచి ఏటేటా ఇచ్చే సెలవుల్లో ఉందట. తెరిచాక వరస ప్రకారం చేసి పంపుతారట. ఏడెనిమిది వారాలు పడుతుందట. మొన్నటిదాకా అన్నీ తయారుగా అరలో ఉన్నాయనీ, షెడ్డు మూసే ముందే ఇంకొకరు పట్టుకుపోయారనీ కూడా మర్యాదగా రాశారు.

ఆమె ఆ జవాబును మూడుసార్లు చదివింది. భర్తకి చూపించలేదు. "పంపుతారట" అంది.

మర్నాడు మెట్ల దగ్గర ప్రెసిడెంటు గారు ఎదురై, "అమ్మా, ఆ లాకుల సంగతి?" అని అడిగారు. పక్కన ఇంకో ఇద్దరున్నారు. ఏడెనిమిది వారాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతారు. ఎప్పుడు పెట్టావని అడుగుతారు. ఇరవై రెండు రోజులు ఏం చేశావని అడుగుతారు.

"పెట్టేశానండీ. వారంలో వచ్చేస్తాయి."

"రేటు?"

"బాగానే పడింది."

"నువ్వుండగా మాకేం తరుగమ్మా" అని ఆయన నవ్వుతూ మెట్లెక్కారు.

మేస్త్రీకి ఫోను చేసినా అదే మాట చెప్పింది. "వారమే అయితే సరే. ఇవాళ వచ్చి లిఫ్టు ఆపేద్దామనుకున్నాను. వారమే కదా, నడవనివ్వండి. గొలుసు మాత్రం తియ్యద్దు" అన్నాడు. ఒక్క మాట మళ్ళీ ఫోను చేసి చెప్పేస్తే సరిపోతుంది. చెబుదామనే అనుకుంది. మధ్యాహ్నం చెబుదామనుకుంది. మధ్యాహ్నం కార్ఖానాలో అద్దం బిళ్ళల పెట్టెలు వచ్చాయి, లెక్క చూసుకోవాల్సి వచ్చింది. సాయంత్రానికి ఆ అబద్ధం కాస్త మామూలైంది. రెండు రోజులకి, ఎవరైనా అడిగితే తడుముకోకుండా వచ్చేంత సులువైంది.

అప్పుడు మొదలైంది ఆమెకి అసలు భయం. ఆఫీసుకి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మూడో అంతస్తుకి ఎక్కి గొలుసు లాగి చూసేది. తాళంచెవి దండలో గుచ్చి మెడలో వేసుకుంది. సంత రోజున జనం గుంపుగా లిఫ్టు ఎక్కుతుంటే వంటగదిలో నిలబడి, గోడ వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టేది. ఒకరోజు తలుపు మీద ఎర్ర అక్షరాలతో కాగితం అంటించింది. మర్నాటికి ఎవరో దాని అంచున ఏదో ఫోను నంబరు రాసుకున్నారు.

మూడో అంతస్తులో దర్జీ ఉండేవాడు. ముందు గదిలో మూడు మిషన్లు, గోడనిండా వేలాడే కాగితపు కొలతలు. ఆమెను మొదటినుంచీ చెల్లమ్మా అనే పిలిచేవాడు. ఆమె పెళ్ళిచూపులకి వేసుకున్న జాకెట్టు దగ్గర్నుంచి ఆమె ఆఫీసు బట్టలదాకా ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. లాకులకి ఆర్డరు పెట్టిన తొమ్మిదో రోజున ఆయన రెండో అంతస్తుకి దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లమ్మా, ఆ తాళంచెవి ఒకసారి ఇస్తావా? బడి యూనిఫారాలు పదకొండు మూటలు. ఇవాళ రెండింటికి బండి వస్తుంది. మెట్ల మీద కిందిదాకా మోసుకెళ్ళాలంటే ఈ నడుముతో నావల్ల కాదు."

"కుదరదన్నయ్యా. మేస్త్రీ ఎవరికీ ఇవ్వద్దన్నాడు."

"వారంలో లాకులొచ్చేస్తాయన్నావుగా. తొమ్మిది రోజులైంది. రేపో మాపో వస్తాయి. అంతవరకూ ఆగిన తలుపు ఇవాళ నాలుగు ట్రిప్పులకి ఏమైపోతుంది? నేను చూసుకుంటాగా. లిఫ్టు వచ్చిందా లేదా అని గాజులోంచి చూసే తీస్తాను."

ఆ రోజు ఆమెకు సెలవు. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. రేపో మాపో రావని చెప్పాలి. ఆ తలుపు నెలన్నర పాటు అలాగే ఉంటుందని చెప్పాలి. చెబితే తాళంచెవి అడగడు. ఎంత కష్టమైనా మెట్ల మీదే మోస్తాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయనకి తెలియదంతే.

ఆమె మెడలోంచి దండ తీసింది.

"తియ్యగానే మళ్ళీ వేసెయ్యి అన్నయ్యా. ప్రతిసారీ."

"అలాగే."

మొదటి రెండు ట్రిప్పులు ఆమె వంటగదిలోంచి విన్నది. గొలుసు చప్పుడు, తలుపు చప్పుడు, గోడ వణుకు, మళ్ళీ గొలుసు. మూడోసారి గొలుసు చప్పుడు రాలేదు. చేతులు నిండా ఉన్నాయేమో, మళ్ళీ వచ్చి వేస్తాడులే అనుకుంది. అనుకుంటూనే కత్తి కింద పెట్టింది. మెట్లెక్కి వెళ్ళి చెబుదామని కొంగుకి చేతులు తుడుచుకుంది.

గోడ అవతల లిఫ్టు కిందికి వెళ్ళింది. గిన్నెలు మోగి ఆగాయి. ఎవరో మొదటి అంతస్తులో పిలిచినట్టున్నారు. ఆమె గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు పైన తలుపు పిడి ఎత్తి లాగిన చప్పుడు వినిపించింది.

కేక వినిపించలేదు. తర్వాత చాలామంది ఆమెను అడిగారు, కేక వేశాడా అని. వెయ్యలేదు. ఏదో బరువైనది గోడకి రాసుకుంటూ ఆమె వంటగది వెనకనుంచి దాటి వెళ్ళింది. అంతే. కింద పెద్ద చప్పుడు. ఆపైన ఎంతసేపని తెలియని ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పొయ్యి మీద గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది.

దర్జీ గడ్డం దాకా వచ్చే మూట మోసుకుంటూ వచ్చి, మోచేత్తో తలుపు లాగి, అడుగు వేశాడు. రెండు నిమిషాల ముందు అక్కడే ఉన్న లిఫ్టు అప్పటికి మొదటి అంతస్తులో ఉంది. దాని కప్పు మీద పడ్డాడు. కింద మూట ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటి, కుడికాలు రెండు చోట్ల విరిగాయి. పైకి తీసేసరికి నీలం రంగు నిక్కర్లు ఆయన చుట్టూ పరుచుకుని ఉన్నాయని తీసినవాళ్ళు చెప్పారు.

మూడో రోజున లిఫ్టుల తనిఖీ అధికారి వచ్చి, అన్ని అంతస్తుల్లోనూ సీళ్ళు వేసి, కింద మెట్ల దగ్గర ఒక మడత బల్ల వేయించుకుని కూర్చున్నాడు. భవనం వాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. మేస్త్రీ టోపీ చేతిలో పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

ఆ పొద్దున భర్త ఆమెతో అన్నాడు. "నువ్వు నోరు విప్పకు. నిన్నెవరూ అడగరు. గొలుసు తీసింది ఆయన. లిఫ్టు ఆపాల్సింది మేస్త్రీ. నువ్వు కొనాల్సింది కొన్నావు." ఆయన ఆమె కళ్ళలోకి చూడకుండా చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అన్నాడు.

అధికారి మేస్త్రీని అడిగాడు. "కొక్కెం అరిగిందని తెలుసు. తెలిసీ లిఫ్టు నడవనిచ్చావు. ఎందుకు?"

"వారంలో లాకులొస్తాయని నడవనిచ్చానండీ."

"వారం ఎప్పుడో దాటింది. లైసెన్సు ఉన్న మనిషివి, నువ్వే కదా చూసుకోవాలి."

మేస్త్రీ చేతిలోని టోపీ వైపు తల వంచుకున్నాడు. ఎవరివైపూ చూడలేదు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "మా కార్యదర్శి గారు భాగాలకి ఎప్పుడో ఆర్డరు పెట్టేశారండీ. సంఘం వైపునుంచి లోపం లేదు" అన్నారు. నాలుగు తలలు ఊగాయి. అధికారి కలం తీసి ఏదో రాయబోయాడు.

తరుగక్క తన మోచెయ్యి మీద భర్త వేళ్ళు బిగుసుకోవడం గమనించింది. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకుంది.

"లోపం ఉందండీ" అంది.

బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను తెరిచి పెట్టింది. ఇరవై రెండు రోజుల రేటు బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి తర్వాత షెడ్డు వాళ్ళ జవాబు. అధికారి వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ చూశాడు. చాలాసేపు పట్టింది.

"ఇవేమిటి?"

"రేటు తగ్గుతుందని ఆగాను. ఆగకపోతే అరలో ఉన్న లాకులు వచ్చేసేవి. ఏడెనిమిది వారాలని తెలిశాక కూడా వారమని అందరికీ చెప్పాను. మేస్త్రీ ఆ రోజే లిఫ్టు ఆపుతానన్నాడు. నా మాట నమ్మి ఆపలేదు. తాళంచెవి కూడా నేనే ఇచ్చాను."

అక్కడ ఎవరూ ఆమెను తిట్టలేదు. ఐదో అంతస్తు పెద్దావిడ కొడుకు ఒక్కడు మాత్రం "మా అమ్మ కూడా అదే లిఫ్టులో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. జనం కొంచెం కొంచెంగా పక్కకి జరిగారు. బల్ల చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో ఆమె, మేస్త్రీ మిగిలారు. మేస్త్రీ టోపీ పెట్టుకున్నాడు. కృతజ్ఞత లాంటిదేమీ ఆ మొహంలో లేదు. అలిసిపోయి ఉన్నాడు.

మేస్త్రీ లైసెన్సు దక్కింది. గట్టిగా రాసిన ఒక హెచ్చరికతో వదిలారు. సంఘానికి జరిమానా పడింది. ఆమె మీద కేసు పెట్టారు, అది ఇంకా నడుస్తోంది. అలమారా తాళాలు ప్రెసిడెంటు గారు మాట్లాడకుండా తిరిగి తీసుకున్నారు. మిగిలిన యూనిఫారం మూటలు ఆమే ఒక్కొక్కటీ మెట్లమీదుగా మోసుకెళ్ళి బడిలో అప్పగించి వచ్చింది.

అన్నీ అయ్యాక ఆసుపత్రికి వెళ్ళింది. దర్జీ మంచం కిటికీ పక్కన ఉంది. కాలు పైకి కట్టి ఉంది. ఆయన ఆమెను చూసి, చాలాసేపు కప్పు వైపే చూశాడు.

"అంతా విన్నాను" అన్నాడు. "మళ్ళీ మిషను తొక్కలేనని డాక్టరు చెప్పాడు."

ఆమె మంచం చివర కూర్చుంది.

"చివరికి రేటు తగ్గిందా?"

"తగ్గింది."

"ఎంత మిగిలింది?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. "రెండు చొక్కాలు కుట్టినందుకు నువ్వు తీసుకునేంత."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టే ఉన్నాడు.

"పొడుగు చేతులవా, పొట్టి చేతులవా?"

"పొట్టి చేతులవి."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి, "వెళ్ళేటప్పుడు ఆ కిటికీ వేసి వెళ్ళండి" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన ఆమెను మీరు అనడం అదే మొదటిసారి.

ఆమె లేచి కిటికీ వేసింది. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. సమయం అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా కూర్చుని, మర్నాడు కార్ఖానా నుంచి నేరుగా మళ్ళీ వచ్చింది. ఆయన మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు, ఆమె వైపు చూడకుండా, మంచినీళ్ళు అడిగాడు.